గురిగెడు చింతగింజలు

మా అత్తగారింట్లో ఆడవాళ్ల చేతికి డబ్బు వచ్చేది కాదు. దాని బదులు చింతగింజలు ఉండేవి. నవ్వకండి. ఆ గింజలతో మధ్యాహ్నం నిద్ర కొనుక్కోవచ్చు. పొయ్యి దగ్గరి నుంచి ఒక పూట సెలవు కొనుక్కోవచ్చు. కుంకుడుకాయలతో తీరిగ్గా తలస్నానం కొనుక్కోవచ్చు. నేను మాత్రం ఆ గింజలతో మెట్రిక్ పరీక్ష కొనుక్కుందామనుకున్నాను.

అరవై తొమ్మిదిలో నేను నర్మెట్టలో ఆఖరు తరగతిలో ఉన్నాను. తెలంగాణ కావాలని పెద్ద పిల్లలు రోడ్డెక్కారు, బడులు మూతపడ్డాయి. మొదట్లో మాకు సంబరంగానే ఉండేది. బెల్లు లేదు, లెక్కల మాస్టరు లేడు, బెత్తం లేదు. నెలలు గడిచినా బడి తెరవకపోయేసరికి సంబరం కాస్తా దిగులైంది. పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చుందని మా నాయన కంటికి అప్పుడే ఆనింది. బడి తెరిచేలోపు సంబంధం వచ్చింది, పెళ్లయింది, నేను రేగొండ అవతల ఉన్న ఈ ఇంటికి వచ్చిపడ్డాను. అందరూ ఉద్యమంలో ఒక సంవత్సరం చదువు పోయిందని చెప్పుకుంటారు. నాది ఒక సంవత్సరంతో పోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

బయల్దేరే ముందు మా పంతులమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. బయటి నుంచి కట్టి రాయవచ్చు, జనగామలో సెంటరు పడుతుంది, కాకపోతే శివరాత్రిలోపు నువ్వే స్వయంగా వచ్చి సంతకం పెట్టి ఫీజు కట్టాలి అంది. ఫీజు మా అమ్మ తన దగ్గర దాచి పెట్టింది. నేను వెళ్లి సంతకం పెట్టడమే మిగిలింది. ఎంత చిన్న పని అనుకున్నాను.

ఆ ఇల్లు చూస్తే పెద్దదే. ముందు దర్వాజ, దానికి పట్టె గొళ్లెం, లోపల పెద్ద ఆకిలి, ఆ తర్వాత మగవాళ్లు కూర్చునే అరుగు, వెనక పడసాల, అక్కడ మేము. మా మామ ఊళ్లో పెద్దమనిషి. పంచాయితీలు, పొలాలు, ఎవరో ఒకరు ఎప్పుడూ ఆయన కోసం అరుగు మీద కూర్చుని ఉండేవాళ్లు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. అసలు మాతో మాట్లాడేవాడే కాదు. ఆయన దగ్గితే మేం కొంగులు సవరించుకునేవాళ్లం, ఆయన లేస్తే మేం లోపలికి జరిగేవాళ్లం. దర్వాజ దాటి పోవద్దని నాతో ఎవరూ అనలేదు. ఎవరూ దాటరు కాబట్టి నేనూ దాటలేదు. వచ్చిన నెలకే నాకు ఊపిరి ఆడనట్టుండేది. బావి దగ్గరికి పోతే ఆకాశం కనిపిస్తుంది కదా అని అవసరం లేకపోయినా నీళ్లు చేదేదాన్ని.

నా భర్త మహబూబాబాదులో ఒక దఫ్తరులో గుమాస్తా. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మంచివాడే. పరీక్ష సంగతి అతనికి చెప్పాను.

"రాస్తె రాయి. నాకేంది? అవ్వనడుగు," అన్నాడు.

అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్త. ఆమెనే అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది.

"పోదువు గని బిడ్డా. ముందుగాల గురిగి నింపు," అంది.

ఇక్కడ ఆట సంగతి చెప్పాలి. మధ్యాహ్నం మగవాళ్ల భోజనాలు అయి, గిన్నెలు కడిగాక, వెనక పడసాలలో మా అత్త సుద్దతో పచ్చీసు గీసేది. గవ్వలు ఆమె కొంగున ఉండేవి. ఆడేది ముగ్గురం. అత్త, నా యారాలు అంటే పెద్ద కోడలు, నేను. పచ్చీసు అందరిళ్లలో ఆడేదే. మా ఇంట్లో దాని మీద ఇంకో ఆట ఉండేది, దానికి ఊరాట అని పేరు. అది మా అత్త కట్టిందే. ఒక్కొక్కరికి ఒక్కో వేషం. మా అత్త ఎప్పుడూ తాసిల్దారే. కొంగు భుజం మీంచి తీసి నడుముకు బిగించి, గొంతు బొంగురు చేసి, "ఏమోయ్, శిస్తు తెచ్చినవా?" అని గద్దించేది. యారాలు షావుకారి. నేను కొత్తగా వచ్చినదాన్ని కాబట్టి జీతగాణ్ణి. కాయలు పండించుకుంటూ గింజలు కూడబెడితే జీతగాడు రైతవుతాడు, రైతు పటేలవుతాడు. పటేలైతే ప్రతి పండుకూ రెట్టింపు గింజలు. పచ్చీసు నాలుగు కొమ్మల్లో ఎవరి కొమ్మకు వాళ్ల తల్లిగారి ఊరి పేరు. నాది నర్మెట్ట. మా అత్తది గూడూరు. యారాలిది పక్క ఊరే. నాలుగో కొమ్మకు పేరు లేదు.

సంపాదించిన గింజలు ఎవరి గురిగిలో వాళ్లు వేసుకోవాలి. గురిగి అంటే పెరుగు తోడుపెట్టే చిన్న మట్టికుండ. ముగ్గురి గురుగులు దూలానికి వేలాడే ఉట్టిలో పక్కపక్కనే ఉండేవి. చిన్న చిన్న కోరికలకు గుప్పెళ్లలో ధర. తల్లిగారింటికి పోవాలంటే మాత్రం గురిగి అంచు దాకా నిండాలి.

నేను ఆ మాట పట్టుకున్నాను. చదువుకున్న పిల్లను, ఇంట్లో అందరికంటే తెలివైనదాన్నని నా నమ్మకం. దసరాకు మొదలుపెడితే శివరాత్రికి ఎందుకు నిండదు అనుకున్నాను.

గింజలు పచ్చీసులోనే గెలవాలని లేదు. తాసిల్దారు కాళ్లు పిసికితే నాలుగు గింజలు వచ్చేవి. షావుకారి తలలో పేలు చూస్తే చూసినన్ని రావు కానీ కొన్ని వచ్చేవి, ఎందుకంటే షావుకారికి పేలెన్నో ఒప్పుకోవడం ఇష్టం ఉండేది కాదు. ఎవరికీ తెలియని కథ చెబితే ఒక గుప్పెడు. నేను చరిత్ర పుస్తకంలో చదివిన రాజుల కథలన్నీ అట్లా అమ్ముకున్నాను. కథలు అయిపోయాక భూగోళం మొదలుపెట్టాను. భూమి గుండ్రంగా ఉంటుందంటే మా అత్త ఆ కథకు గింజలు ఇవ్వనంది.

"అబద్ధాలకు పైసలేంది?" అని గద్దించింది తాసిల్దారు.

కోడి ఎక్కడో దాచి పెట్టిన గుడ్లు వెతికి తెస్తే గింజలు. ఇంకొకరి వంతు పిండి విసిరితే గింజలు. యారాలు నిద్రకోసం ప్రాణమిచ్చేది. ఆమె తన పని నాకు గింజలకు అప్పజెప్పి మూలన పడుకునేది. ఆమె గురిగి ఎప్పుడూ ఖాళీయే. "ఎందుకక్కా అన్నీ ఖర్చు పెడుతవ్?" అని అడిగితే, "నిద్రకంటె పెద్దది ఏమున్నదే పిల్లా ఈ ఇంట్ల?" అనేది. అప్పుడు ఆమెను చూస్తే నాకు జాలి వేసేది. ఆమెకే లోకం తెలుసని తర్వాత అర్థమైంది.

గింజలు పోగొట్టుకునే దారులు కూడా ఉండేవి. పాలు పొంగిస్తే పోతాయి. అన్నం మాడిస్తే పోతాయి. నవ్వు అరుగు దాకా వినిపిస్తే అన్నిటికంటే ఎక్కువ పోతాయి. ఈ చివరి దండుగ ఎక్కువగా కట్టింది మా అత్తే. ఆమెకు నవ్వు ఆగేది కాదు. యారాలు ఏదో ఒకటి అనేది, అత్త కొంగు నోట్లో కుక్కుకుని కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వేది, అరుగు మీద మామ దగ్గేవాడు, అంతే, అందరం బొమ్మల్లా అయిపోయేవాళ్లం. తర్వాత ఆమె లేచి తన గురిగిలోంచి తనే గింజలు తీసి పొయ్యిలో వేసేది. తాసిల్దారే దండుగ కట్టడం ఏమిటని మేం అడిగేవాళ్లం కాదు.

ఆ చలికాలం నేను మనిషిలా బతకలేదు. నిద్ర లేస్తూనే ఇవాళ ఎన్ని అనుకునేదాన్ని. యారాలి పని, నా పని, అత్త కాళ్లు, అందరి తలలు. చేతులు పగిలాయి. సంక్రాంతికి మా తమ్ముడు వచ్చి ఇంటికి రమ్మంటే, గురిగి ఇంకా సగమే అయిందని పంపించేశాను. వాడికి నేనేమంటున్నానో అర్థం కాలేదు. వాడితో పొలం గట్టు దాకా కూడా పోలేదు, దర్వాజ లోపలే నిలబడి చెయ్యి ఊపాను. వాడు మలుపు తిరిగి కనబడకుండా పోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ కూడా, ఉల్లిగడ్డలు తరిగే పని ఎవరిదైనా ఉంటే ఈ కన్నీళ్లకు గింజలొచ్చేవి కదా అనుకున్నాను. అంత పిచ్చి పట్టింది.

ఒక్కోసారి పుస్తకం తీసేదాన్ని. లెక్కలు వచ్చేవి కావు. మెదడులో గవ్వలే తిరిగేవి. అయినా గురిగి నిండుతోంది కదా అని ధైర్యం. మాఘ పున్నమి దాటేసరికి అంచుకు రెండు వేళ్లు తక్కువ. నేను రైతు దాటి పటేలునయ్యాను. శివరాత్రి ఇంకా వారం పైనే ఉంది. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. రాత్రి పడుకుంటే జనగామ బస్సు వాసన వచ్చేది.

అంతలో, శివరాత్రి మూడు రోజులుందనగా, మా చింతతోపు కాయ దులిపించారు.

ఒకరోజు పొద్దున్నే బండ్ల మీద చింతకాయ వచ్చింది, గంపలతో తెచ్చి ఆకిలి నిండా పోశారు. తండా నుంచి ఆడవాళ్లు కూలికి వచ్చారు. వాళ్ల భాషలో వాళ్లు గలగలా మాట్లాడుకుంటూ పెంకు తీసి, పండు కొట్టి, గింజలు ఒక పక్కకు ఊడ్చేవాళ్లు. సాయంత్రానికి ఆకిలి మూలన మోకాలెత్తు గింజల కుప్ప పడింది. నేను ఆ కుప్పను చూసి నిలబడిపోయాను. నాలుగు నెలలు నేను కాళ్లు పిసికి, పేలు చూసి, రాజుల కథలు అమ్మి సంపాదించినవి ఆ కుప్పలో ఒక మూలకు రావు.

తండా నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా చూపు గమనించింది.

"ఏంది బిడ్డా గట్ల జూస్తవ్? గావాల్నా? వేంచుకొని తిను, మంచిగుంటయి," అని దోసెడు నా కొంగులో పోసింది.

ఆ దోసెడుతో నా గురిగి నిండిపోతుంది. పరుగెత్తుకెళ్లి ఉట్టి దింపాను. నా గురిగి తీయబోతుంటే మా అత్త వచ్చింది. ఆమె చేతిలో చేట ఉంది. ముందు తన గురిగి చేటలో బోర్లించింది. తర్వాత యారాలిది. తర్వాత నా చేతిలోంచి తీసుకుని నాది కూడా బోర్లించింది. ఎంత మామూలుగా చేసిందంటే, బియ్యం చెరుగుతున్నట్టే ఉంది.

"అత్తమ్మా! నావి, నావి అత్తమ్మా!" అన్నాను.

"కొత్తపండు ఒచ్చినంక పాత గింజలు చెల్లయి బిడ్డా. ఈ ఇంట్ల ఎప్పటిసంది గట్లనే. ఇయ్యాల్టిసంది మల్ల అందరం జీతగాండ్లమే," అంది.

అని చేట తీసుకుపోయి పొయ్యిలో పోసింది. గింజలు చిటపటమన్నాయి. కొత్త పండు వచ్చిన రోజున పాత గింజలు కాల్చడం ఆ ఇంట్లో ప్రతి ఏడూ జరిగేదట. వాళ్లకు అదొక సరదా. ఎవరూ నాకు చెప్పలేదు, అందరికీ తెలిసిందే కదా, చెప్పడానికేముంది? యారాలికి తెలుసు కాబట్టే ఆమె ఏ గింజా మిగుల్చుకోలేదు. నేను చింతచెట్లు లేని ఇంట్లో పుట్టాను. మాకు పండు అంగడి నుంచి వచ్చేది.

నేను అరవలేదు. అరిస్తే అరుగు దాకా వినిపిస్తుంది. మూలన పోయి పడుకున్నాను. ఆ రోజూ తినలేదు, మర్నాడూ తినలేదు. మధ్యాహ్నం అత్త పచ్చీసు గీసి గవ్వలు గలగలలాడించింది. నేను లేవలేదు. "ఆటనే గద పిల్లా," అని యారాలు తల నిమిరింది. ఆటే. ఆ మాట అందరికంటే నాకే బాగా తెలియాలి, చదువుకున్నదాన్ని. నాకు నా మీదే అసహ్యం వేసింది. దర్వాజకు తాళం లేదు. కాళ్లకు సంకెళ్లు లేవు. గింజలు లేవని పడుకున్నాను.

అట్లా పడి ఉండగానే శివరాత్రి వచ్చింది, పోయింది. ఇల్లంతా ఉపవాసం కాబట్టి నేను తినకపోవడం ఆ రోజు ఎవరికీ పట్టలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు నేను నీరసంతో బావి దగ్గర తూలి పడ్డాను. మా అత్త నన్ను లేపి కూర్చోబెట్టి మొహం కడిగింది.  తర్వాత లేచి, కొంగు తల మీదకు లాక్కుని, అరుగు వైపు నడిచింది. మామ అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆమె మగవాళ్ల అరుగు దాకా పోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను లేచి తలుపు చాటుకు వచ్చాను.

ఆమె స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. గొంతు లోపలికి పోయింది. పడసాలలో గద్దించే తాసిల్దారు గొంతు ఇదేనా అనిపించింది.

"జర ఇనుండ్రి. చిన్నకోడలు... పరీక్ష రాస్తదట. తల్లిగారింటికి పంపుదామా అని."

మామ చుట్ట చుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"పంపు. దానికి నన్నడుగుడేంది? నేనెప్పుడన్న వద్దన్ననా?"

అంతే. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. అరుగు కింద ఎవరో వచ్చి దండం పెడితే వాళ్లతో మాటల్లో పడ్డాడు. మాకు ఒక చలికాలం పట్టినది ఆయనకు చుట్ట చుట్టినంత సేపు కూడా పట్టలేదు.

మా అత్త అక్కడే ఉండిపోయింది. ఆ మాట ఇంకా చెవికెక్కనట్టు స్తంభం వైపే చూసింది. తర్వాత ఒక్కసారిగా తెప్పరిల్లి లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఆమె పరుగెత్తడం కూడా నేను అప్పుడే చూశాను. నా రెండు చేతులు పట్టుకుంది.

"పొమ్మన్నడు బిడ్డా! పంపుమన్నడు! సామాను సదురుకో, రేపు పొద్దుగాల్నే బండి గట్టిస్త!"

ఆమె మొహం అంత వెలుగుతోంది. అయినా చెప్పాను. సంతకం పెట్టే గడువు శివరాత్రితో అయిపోయిందని, ఇప్పుడు పోయినా బడివాళ్లు పేరు రాసుకోరని చెప్పాను.

"అయ్యో! మరి ముందుగాల్నే ఎందుకు చెప్పలే? శివరాత్రికి ముందు చెప్పకపోతివి?" అని నా భుజం పట్టి ఊపింది.

"గురిగి నిండలే గద అత్తమ్మా," అన్నాను.

ఆమె చేతులు వదిలేసింది. గచ్చు మీద కూర్చుంది. నేను ఆమె మీద అరుద్దామనుకున్నాను, అన్ని రోజులు నాలో ఉడికిందంతా ఆమె మీదకే పోవాలి. కానీ ఆమె నన్ను చూడటం లేదు.

"నేను ఎన్నడు అడుగలే," అంది. "మా అక్క గూడూర్ల ఉన్నది. పోవాల్ననిపిస్తె గురిగి నింపుకుంటుంటి. మల్ల పండు ఒచ్చేది. ఎన్నడు అడుగలే బిడ్డా. గింత సులువని ఎవలు చెప్పిండ్రు నాకు?"

ఈ ఆట ఆమె నన్ను కట్టేయడానికి కట్టింది కాదు. నేను పుట్టకముందు నుంచే ఆమె ఒక్కతే ఆడుకుంటూ వచ్చింది, తర్వాత వచ్చిన కోడళ్లను పక్కన కూర్చోబెట్టుకుంది. ధర ఆమే పెట్టింది, ఏటేటా ఆ ధర తనే కట్టలేకపోయింది. అది అర్థమయ్యాక నా కోపానికి దిక్కు లేకుండా పోయింది. అది ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు. మరుసటి ఏడు పరీక్షలనాటికి నాకు నెలలు నిండాయి. ఆ తర్వాత ఒకటి తర్వాత ఒకటి. నేను మెట్రిక్ రాయలేదు.

కానీ ఆ మర్నాడు పొద్దున బండి వచ్చింది. మామ ఒకసారి చెబితే ఆ ఇంట్లో ఎడ్లు ఆగవు. జీతగాడు గడ్డి పరిచి, మీద బొంత వేసి, దర్వాజ రెండు తలుపులూ బార్లా తీశాడు. అవి రెండూ ఒకేసారి తెరుచుకోవడం నేను పెళ్లినాడు చూశాను, మళ్లీ అప్పుడే.

నేను ఎక్కనన్నాను. బడి పిల్లలంతా పుస్తకాలు ముందేసుకుని ఉండే ఊళ్లోకి ఏ మొహంతో పోను?

"బండి ఊకెనే ఎందుకు పోవాలె అత్తమ్మా? నువ్వు పో. రోడ్డు మీద బస్సు దొరుకుతది. గూడూరు పో," అన్నాను.

యారాలు కూడా వచ్చి నిలబడింది. "పో అత్తమ్మా, వంట మేం జేసుకుంటం," అంది.

మా అత్త గడప మీదకు వచ్చింది. బండిని చూసింది, ఎడ్లను చూసింది, తెరిచి ఉన్న దర్వాజలోంచి కనిపించే బాట చూసింది. ఒక పాదం గడప అవతల పెట్టింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. జీతగాడు చెయ్యి అందించబోతూ పక్కకు జరిగాడు. మేం ఇద్దరం చూస్తున్నాం.

"అగో, పొయ్యి మీద పాలున్నయి, పొంగుతయి," అని ఆమె పాదం వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పొద్దున మేమింకా పొయ్యి ముట్టించలేదు.